పనివారి మనసెరిగిన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే



పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవిత విశేషాలు రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. ఏటా మనం తలచుకునే పెద్దలు ఎలాగూ ఉన్నారు. ఈసారి మనవలెనే ప్రభుత్వోద్యోగం చేసి, మనవలెనే పై మెట్టు దక్కక బాధపడి, చివరకు రిటైరైన ఒక పెద్దమనిషిని గురించి రాయదలచాను. ఆయన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే. మన దేశంలో రసాయన పరిశ్రమకు ఆద్యుడని బడిలో ఒక్క వాక్యంలో చదువుకొని వదిలేశాం.

ఇప్పుడే ఆయన ఎందుకు గుర్తుకు వచ్చారంటే, దానికి మా ఇంటి సంగతి ఒకటి కారణం. మా రెండవవాడు రాజమండ్రిలో ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతున్నాడు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు అచ్చు వేస్తారు. మొత్తం తొమ్మిదిమంది పనివారు. ఏడాది తిరక్కుండానే వారిలో ముగ్గురు మానేశారు. జీతం చాలక వెళ్ళారా అంటే అదీ కాదు, వెళ్ళిన చోట కూడా ఇంచుమించు అంతే ఇస్తున్నారు. ఉన్నవారు కూడా చెప్పిన పని చెప్పినంత వరకే చేసి, గడియారం చూసుకుంటున్నారు. మావాడు విసిగిపోయి, ముప్ఫై ఆరేళ్ళు ఆఫీసులో ఉన్నారు గదా, మనుషులు మనసు పెట్టి పని చేయాలంటే ఏం చేయాలో చెప్పండి నాన్నగారూ అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వ కార్యాలయంలో ఎవరూ మానేసి వెళ్ళరు గనుక మనకు ఆ ప్రశ్న ఎదురుపడలేదు. మన దగ్గర మనిషి కుర్చీలోనే ఉంటాడు, మనసు మాత్రం ఎప్పుడో రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. జవాబు దొరక్క, రే గారు 1932లో ఇంగ్లీషులో వెలువరించిన ఆత్మకథను మళ్ళీ తీశాను. వయసులో ఉన్నప్పుడు దాన్ని దేశభక్తుని కథగా చదివాను. ఈసారి చదివితే అది నలుగురిని కూడగట్టి, వారి ఉత్సాహం చెడకుండా కాపాడుకుంటూ ఒక చిన్న సంస్థను నిలబెట్టిన యజమాని కథగా కనిపించింది.

బాల్యం, చదువు

రే గారు 1861 ఆగస్టు 2వ తేదీన అప్పటి జెస్సోరు జిల్లాలోని రారులి గ్రామంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి హరిశ్చంద్ర రే గారు జమీందారు, చదువరి. ఇంట్లో మంచి గ్రంథాలయం ఉండేది. 1870లో పిల్లల చదువు కోసం కుటుంబం కలకత్తాకు మారింది. అక్కడ హేర్ స్కూలులో చదువుతుండగా ఈయనకు తీవ్రమైన విరేచనాల వ్యాధి పట్టుకొని, రెండేళ్ళపాటు బడి మానవలసి వచ్చింది. ఆ రెండేళ్ళూ తండ్రిగారి పుస్తకాల గదే ఆయనకు బడి అయింది. వ్యాధి పూర్తిగా పోలేదు. అయినా మితాహారంతో, కచ్చితమైన దినచర్యతో దాన్ని అదుపులో పెట్టుకొని 83వ ఏటి వరకు పని చేశారు. ఈ ఒక్క విషయంలోనైనా మన వయసువారు ఆయన్ని అనుసరించవచ్చు.

1882లో గిల్‌క్రైస్ట్ స్కాలర్‌షిప్పు పోటీ పరీక్షలో నెగ్గి స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1887లో అక్కడ డి.ఎస్సి. పట్టం పొంది, 1888లో స్వదేశానికి తిరిగి వచ్చారు. ఇంత చదువూ చదివి వచ్చిన మనిషి ఇంచుమించు ఒక సంవత్సరం ఉద్యోగం లేకుండా, మిత్రుడు జగదీశ్ చంద్ర బోసు గారి ఇంట్లో గడపవలసి వచ్చింది.

నెలకు 250 రూపాయల కొలువు

1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసరుగా తాత్కాలిక నియామకం దొరికింది. నెలకు 250 రూపాయల జీతం. అదే అర్హత గల ఆంగ్లేయుడు వస్తే నేరుగా పై సర్వీసులో చేరేవాడు, జీతమూ హోదా వేరుగా ఉండేవి. ఈయన డార్జిలింగు వెళ్ళి, విద్యాశాఖ డైరెక్టరు సర్ ఆల్‌ఫ్రెడ్ క్రాఫ్ట్ గారిని కలిసి మొర పెట్టుకున్నారు. తన యోగ్యత అంత గొప్పదని అనుకుంటే బతకడానికి లోకంలో ఇంకా ఎన్నో దారులున్నాయని, ఈ ఉద్యోగమే చేయమని ఎవరూ బలవంతపెట్టడం లేదని ఆ దొరగారు ముఖం మీదే చెప్పారు.

పై అధికారి నోట ఇటువంటి మాట వినని ఉద్యోగి మనలో ఎవరైనా ఉన్నారా? మనం ఆ మాటను మనసులో పెట్టుకొని పదేళ్ళు ఏడుస్తాం. మన చేతి కింది వాళ్ళ మీద ఆ కోపం తీర్చుకుంటాం. రే గారు ఆ రెండు పనులూ చేయలేదు. కొలువు వదలకుండానే, ఆ దొర చెప్పిన ఇంకో దారిని తానే తవ్వడం మొదలుపెట్టారు. తనకు ఎదురైన అవమానం తన దగ్గర చదివే కుర్రవాళ్ళకు ఎదురు కాకూడదని ఆయన పట్టుదల. ఎం.ఎ. చదివి, ఆఫీసుల గుమ్మాల దగ్గర గుమాస్తా ఉద్యోగం కోసం పడిగాపులు పడుతున్న బెంగాలీ యువకులను చూసి ఆయన కడుపు తరుక్కుపోయేది. చదివిన చదువుకు తగిన పని ఇచ్చే చోటు ఒకటి ఉండాలి అనుకున్నారు.

మిద్దె మీద ఎముకలు

1892 ప్రాంతంలో 91 నెంబరు, అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని అద్దె ఇంట్లో, తాను నివసించే చోటే, 700 రూపాయల పెట్టుబడితో బెంగాల్ కెమికల్ సంస్థను ప్రారంభించారు. ఆ తొలినాళ్ళ ముచ్చట్లు చదువుతుంటే నవ్వూ వస్తుంది, కళ్ళూ చెమరుస్తాయి. నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లం తీయాలని చూశారు. కాయలు చాలినన్ని దొరక్క ఆ పని సాగలేదు. తర్వాత మందుల్లో వాడే సోడియం ఫాస్ఫేటు కోసం పశువుల ఎముకలు కసాయివారి దగ్గర బస్తాలతో కొని తెచ్చి మిద్దె మీద ఎండబోశారు. అకాలంగా వానలు పట్టుకున్నాయి. ఎముకలకు అంటుకుని ఉన్న మాంసం కుళ్ళి పురుగులు పట్టింది. కాకులు గుంపులుగా వాలి, ముక్కలు ఎత్తుకుపోయి ఇరుగుపొరుగు ఇళ్ళ మీద వదిలాయి. ఆచారవంతులైన పొరుగువారు ఊరుకుంటారా? మునిసిపాలిటీకి చెబుతామని బెదిరించారు. చేసేది లేక ఆ ఎముకలను ఊరి చివర మాణిక్‌తలా వైపు ఖాళీ స్థలానికి తరలించి, రాత్రివేళ నిప్పు పెట్టించారు. ఆ మంటలు చూసి, ఎవరో శవాన్ని రహస్యంగా తగలబెడుతున్నారని పోలీసులు పరుగెత్తుకొచ్చారు.

ఎడింబరో డాక్టరు పట్టం గల ప్రొఫెసరు సాయంత్రం కళాశాల నుంచి రాగానే కోటు విప్పి ఈ పనులన్నిటిలోనూ చేయి పెట్టేవారు. నా దృష్టిలో ఆయన సంస్థకు అసలైన పునాది ఇదే. యజమాని తాను ముట్టని పనిని పనివాడికి చెబితే, అది ఎంత శుభ్రమైన పనైనా వాడికి చాకిరీగానే తోస్తుంది. యజమాని చేతికి అంటిన మురికే తన చేతికీ అంటినప్పుడు మాత్రం ఎముకల బస్తా మోయడం కూడా చిన్నతనం అనిపించదు.

తొలి సహచరులు

ఆయనకు మొదట తోడైన వారిలో ముఖ్యులు డాక్టరు అమూల్య చరణ్ బోసు. నడుస్తున్న ప్రాక్టీసు ఉన్న వైద్యుడు. మన నేలవేము, అడ్డసరం, కొడిశపాల వంటి మూలికలను ఇంగ్లీషు పద్ధతిలో అరకులుగా, సిరప్పులుగా తయారు చేయాలన్నది ఆయన ఉత్సాహం. వాము నీరు కూడా అలా తయారైందే. ఆ ఆలోచన మీది గనుక ఆ శాఖ మీదే అన్నట్టు రే గారు ఆయనకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు. అమూల్య బాబు తోటి వైద్యులను ఒప్పించి, వారి చేత ఈ మందులు రాయించి, అమ్మకం పెంచారు. విదేశీ సరుకు తప్ప ఎవరూ కొనరని పెదవి విరిచిన దుకాణదారులు కూడా మెల్లగా దారికి వచ్చారు. అమూల్య బాబు బంధువు సతీశ్ చంద్ర సింహ, రసాయన శాస్త్రంలో ఎం.ఎ. చేసిన యువకుడు, ఆయన కూడా వచ్చి చేరారు.

ఇంతలో పిడుగు పడింది. సతీశ్ బాబు ప్రయోగశాలలో పని చేస్తుండగా ప్రమాదవశాత్తు ప్రూసిక్ ఆమ్లపు విషం సోకి మరణించారు. 1898లో అమూల్య బాబు ప్లేగు రోగులకు వైద్యం చేసే రోజుల్లో తానే ఆ వ్యాధికి బలైపోయారు. చిన్న సంస్థలో ఇద్దరు పోతే సగం సంస్థ పోయినట్టే. చాలామంది అక్కడితో దుకాణం మూసేస్తారు. రే గారు పగలు కళాశాలలో పాఠాలు, సాయంత్రం కారుఖానాలో లెక్కలు, ఒంటరిగా ఆ బరువు మోశారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆత్మకథ రాసుకున్నప్పుడు కూడా ఆ ఇద్దరి పాత్రను తన పాత్ర కంటే పెద్దదిగా చేసి రాశారు. పోయినవారి వాటా ఎవరూ అడగరు. అడగకపోయినా ఇవ్వడంలోనే ఆయన గొప్పదనం ఉంది. తమ పేరు ఎక్కడికీ పోదన్న నమ్మకం పనివారికి ఇలాంటి యజమాని దగ్గరే కలుగుతుంది.

పగ్గాలు ఇచ్చి పక్కకు తప్పుకోవడం

1901లో సంస్థ లిమిటెడ్ కంపెనీ అయింది. 1905లో మాణిక్‌తలాలో పెద్ద కారుఖానా కట్టారు. ఇక్కడే రే గారు చాలామంది యజమానులు చేయలేని పని చేశారు. 1903లో రాజశేఖర్ బోసు అనే ఇరవై మూడేళ్ళ యువకుడు రసాయనవేత్తగా చేరాడు. కొద్ది సంవత్సరాలలోనే మొత్తం సంస్థ నిర్వహణ అతని చేతికి అప్పగించారు. స్థాపకుడు తానే అయినా, రోజువారీ వ్యవహారంలో తల దూర్చి అతని మాటను చిన్నబుచ్చలేదు. ఆ రాజశేఖర్ బాబు సుమారు ముప్ఫై ఏళ్ళు సంస్థను నడిపారు. అంతేకాదు, పరశురాం అనే కలం పేరుతో బెంగాలీలో అగ్రశ్రేణి హాస్య రచయిత అయ్యారు, చలంతిక అనే నిఘంటువు కూర్చారు. కంపెనీ పని చూడక కథలు రాస్తున్నావేమిటి అని ఆయన్ని అడిగే పైవాడు ఉంటే, బెంగాలీలకు ఆ కథలూ దక్కేవి కావు, కంపెనీకి ఆ మేనేజరూ దక్కేవాడు కాదు.

ఇంకొకరు సతీశ్ చంద్ర దాస్‌గుప్తా. ఆయన బెంగాల్ కెమికల్‌లో ఉండి ఫైర్ కింగ్ అనే అగ్నిమాపక యంత్రాన్ని రూపొందించారు. కంపెనీకి అది మంచి పేరూ రాబడీ తెచ్చింది. అటువంటి మనిషి 1920ల్లో గాంధీజీ పిలుపు విని, ఉద్యోగం వదిలి సోదేపూరులో ఖాదీ ప్రతిష్ఠాన్ నడపడానికి వెళ్ళిపోయారు. రే గారు దాన్ని ద్రోహంగా భావించలేదు. ఆ ఖాదీ సంస్థకు తానే అండగా నిలిచారు. మావాడికి నేను ముందుగా చెప్పింది ఈ సంగతే. వెళ్ళిపోయినవాడిని తిట్టే యజమానిని, ఉన్నవాళ్ళు కూడా చెవులు రిక్కించి వింటూనే ఉంటారు. రేపు తామూ వెళితే తమ గురించి ఏమంటాడో వారికి ఈరోజే తెలిసిపోతుంది.

కళాశాలలోనూ ఇదే తీరు

పాదరసంతో చేసిన పరిశోధనల్లో మెర్క్యురస్ నైట్రైట్ అనే సమ్మేళనాన్ని 1895-96 ప్రాంతంలో కనుగొన్నందువల్ల రే గారి కీర్తి ఐరోపా దాకా వెళ్ళింది. 1902లోనూ, 1909లోనూ రెండు సంపుటాలుగా హిందూ రసాయన శాస్త్ర చరిత్ర వెలువరించారు. ఇంత పేరున్న ఆచార్యుడు పై తరగతులకే పరిమితం కాకుండా, చిన్న తరగతుల పాఠాలు కోరి తీసుకునేవారు. మొదటి మెట్టు మీదే ఆసక్తి పుట్టించకపోతే పై మెట్టు మీద ఎంత చెప్పినా వ్యర్థమని ఆయన నమ్మకం. పరిశోధన పత్రాల మీద శిష్యుల పేర్లు తన పేరు పక్కనే వేయించేవారు. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోసు ఆయన దగ్గర పాఠాలు విన్నవారే. ఆయన శిష్యుల్లో జ్ఞాన చంద్ర ఘోష్ తర్వాత ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.కి మొదటి డైరెక్టరు అయ్యారు. నీలరతన్ ధర్ అలహాబాదులో పేరు పొందారు.

రిటైర్మెంటు తర్వాత

1916లో ప్రెసిడెన్సీ కళాశాల నుంచి రిటైరయ్యారు. మనలో చాలామందికి అక్కడితో కథ ముగుస్తుంది. ఆయన కథలో సగం అక్కడే మొదలైంది. కలకత్తా విశ్వవిద్యాలయం సైన్సు కళాశాలలో ఆచార్యునిగా చేరి, ఆ భవనంలోనే ఒక గదిలో కాపురం పెట్టారు. పెళ్ళి చేసుకోలేదు. పేద విద్యార్థులే కుటుంబం. 1919లో సర్ బిరుదు వచ్చినా ముతక బట్టలు మారలేదు. 1921లో అరవై ఏళ్ళు నిండాక, తన విశ్వవిద్యాలయ జీతాన్ని ఆ శాఖ అభివృద్ధికే వదిలేశారు. 1922లో ఆచార్య నాగార్జునుని పేర రసాయన శాస్త్రంలో ఒక బహుమతి కోసం 10,000 రూపాయలు ఇచ్చారు. అదే సంవత్సరం ఉత్తర బెంగాలులో వరదలు వస్తే సహాయ సంఘానికి నాయకత్వం వహించి వేలాది యువకులను కదిలించారు. 1923 డిసెంబరులో మన కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు అక్కడి ఖద్దరు ప్రదర్శనను ప్రారంభించింది ఆయనే. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీకి తొలి అధ్యక్షులయ్యారు. 1936లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, ఆచార్య పదవి నుంచి తప్పుకున్నారు. 1944 జూన్ 16న ఆ సైన్సు కళాశాల గదిలోనే శిష్యుల మధ్య కన్నుమూశారు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆయన పెట్టిన సంస్థ ఆయన తర్వాత అదే ఊపుతో సాగలేదు. నష్టాల్లో కూరుకుపోగా 1980లో కేంద్ర ప్రభుత్వం జాతీయం చేయవలసి వచ్చింది. స్థాపకుని మంచితనం ఆస్తిలాగా వారసత్వంగా రాదు. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు కొత్తగా దాన్ని అలవరచుకోవలసిందే.

నాకు తగిలిన పాఠం

గుమాస్తా కొలువును రే గారు జీవితమంతా తీవ్రంగా విమర్శించారు. ఒక గుమాస్తాగా ఆ పేజీలు చదవడం నాకు కష్టంగానే ఉండింది. ఆ కొలువుతోనే పిల్లలను చదివించాను, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాను. దానికి సిగ్గుపడను. అయితే ఆ పేజీల దగ్గర నన్ను ఆపింది కొలువు కాదు, ఆ కొలువులో నేను చేసిన ఒక పని.

నేను సెక్షన్ సూపరింటెండెంటుగా ఉన్న రోజుల్లో, కొన్నేళ్ళుగా ఎవరికీ తెమలని బకాయిల లెక్కను మా సెక్షన్‌లోని ఒక జూనియర్ అసిస్టెంటు రెండు నెలలు సాయంత్రాలు కూర్చొని, పాత రిజిస్టర్లన్నీ దులిపి, పైసాతో సహా తేల్చాడు. ఎవరూ అతనికి ఆ పని చెప్పలేదు. నేను దానికి ఒక నోటు రాసి, కింద సంతకం పెట్టి పైకి పంపాను. సమావేశంలో అధికారిగారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. అతను వెనక వరుసలో ఫైలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి అతను అయిదు గంటలకే బల్ల సర్దుకునేవాడు. పని ఎగవేయలేదు, ఎదురు చెప్పలేదు. చెప్పింది చేశాడు, అంతే. కుర్రవాడికి ఉత్సాహం తగ్గిందని నేను వార్షిక రిపోర్టులో కూడా రాశాను. ఆ ఉత్సాహం ఎవరు తీసుకుపోయారో రాయలేదు.

అందుకే మావాడికి చివరకు నేను చెప్పింది చాలా కొద్ది. జీతం ఒకటో తారీఖు దాటనీయకు, అది చేయకుండా మిగతావి చెప్పినా ఎవరూ వినరు. బైండింగు దగ్గర పని ఎక్కువైన రోజు నువ్వు కూడా కూర్చొని మడతలు వెయ్యి. రంగుల విషయంలో మెషిన్‌మన్ మాట నెగ్గనియ్యి. గిరాకీ వచ్చి శుభలేఖ బాగుందని అంటే, ఆ మనిషిని పిలిచి ఎదురుగా నిలబెట్టి, ఇది ఈయన పనితనం అని చెప్పు. దీనికి ఖర్చు లేదు, కానీ మనసు ఒప్పుకోవడం కష్టం. మావాడు సరేనన్నాడు. ఉన్న ఆరుగురూ ఉంటారో లేదో వచ్చే పెళ్ళిళ్ళ సీజనుకు గాని తెలియదు.

ఇక నా బాకీ సంగతి. ఆ జూనియర్ అసిస్టెంటు గారు కూడా తర్వాత పెద్ద హోదాలో రిటైరై, ఇప్పుడు మన సంఘంలో సభ్యులుగా ఉన్నారు. ఆయన్ని అడగకుండా పేరు ఇక్కడ అచ్చులో పెట్టడం మర్యాద కాదు. ఈ సంచిక ఆయన చేతికి అందేలోగా నేనే వారింటికి వెళ్ళి కలుస్తాను. ఆయన అనుమతిస్తే పెన్షనర్ల దినోత్సవ సభలో, మీ అందరి ముందు, ఆ లెక్క తేల్చింది ఎవరో పేరుతో సహా చెబుతాను. చాలా ఆలస్యమైన మాట నిజమే. మన బకాయిలు ఎన్నేళ్ళకు వచ్చినా తీసుకుంటున్నాం గదా, ఆయన కూడా దీన్ని అలాగే స్వీకరిస్తారని ఆశిస్తున్నాను.